ఛాయాచిత్రము లేల నల్లబడును?



కన్నులతో చూచి తెలిసికొనవలసిన విషయమును చెవులకు వినిపించుట కొంత సాహసమే. అయినను నేటి ప్రసంగమునకు నేనెన్నుకొన్న విషయ మట్టిది. ఫోనులోగాని, కంప్యూటరు తెరమీదగాని చక్కగా కనబడిన ఛాయాచిత్రము కాగితముమీద అచ్చయి వచ్చునప్పటికి నల్లబడిపోవుట మీలో అనేకులకు అనుభవమే. తెరమీద పండువెన్నెల, కాగితముమీద అమావాస్య. పెండ్లికూతురి చీర అంచు కనబడదు. తాతగారి కన్నులు రెండు చీకటిగుంటలై పోవును. వెనుకవరుసలోనివారు గోడలో కలిసిపోవుదురు. అప్పుడు మనము ప్రింటరును తిట్టుదుము. లేదా అచ్చువేసిన దుకాణదారునితో తగవు పెట్టుకొందుము. అదియు కాదన్న, ఖరీదయిన సిరాపెట్టెలను మార్చి చూతుము. అత్తమీది కోపము దుత్తమీద చూపినట్లు, పెక్కుమారులు ఇందు నిరపరాధికే శిక్ష పడుచున్నది.

నేను ముప్పది యేండ్లకు పైగా ఉన్నతపాఠశాలలో తెలుగు చెప్పి విశ్రాంతి పొందినవాడను. నా గురువులు నాకు నేర్పినవి వ్యాకరణము, కావ్యములు, కొంచెము తర్కము. యంత్రములసంగతి వారు చెప్పలేదు. ఉద్యోగవిరమణానంతరము మా యూరివారి చిత్రములను అచ్చువేసి యిచ్చుట ఒక వ్యాసంగముగా పెట్టుకొంటిని. ఆ పనిలో అన్నిటికంటె ఎక్కువగా నాకు ఉపకరించినది తర్కమే. దూరమున కనబడునది పొగయో, మంచో తేల్చుకొనక కొండమీద నిప్పున్నదని చెప్పరాదు. రోగనిదానము కాక మందు పెట్టరాదు. చిత్రము నల్లబడినప్పుడును మార్గ మిదియే.

మనము ఫోటోకు పెట్టుకొన్న పేరు ఛాయాచిత్రము. ఛాయ యనగా నీడ యని మాత్రమే పలువు రనుకొందురు. అమరకోశము ఆ శబ్దమునకు నాలుగర్థములను చెప్పుచున్నది: సూర్యుని భార్య, కాంతి, ప్రతిబింబము, ఎండలేని చోటు. సూర్యుని భార్యను పురాణములకు విడిచిపెట్టినను, తక్కిన మూడర్థములును మన చిత్రమునందున్నవి. తెరమీది చిత్రము కాంతి. కాగితముమీది చిత్రము, సిరా కొంత వెలుగును మ్రింగివేయగా మిగిలిన నీడ. రెంటియందును మనము కోరునది ప్రతిబింబము. కాంతిని నీడగా మార్చుచు ప్రతిబింబమును చెడకుండ కాపాడుకొనుటలోనే చిక్కంతయు నున్నది.

తెర దీపమువంటిది, కాగితము గోడవంటిది. దీపము తన వెలుగును తానే యిచ్చును. గోడ తనపై పడిన వెలుగులో కొంత తిరిగి పంపును. మంచి తెల్లకాగితము నూటికి సుమారు 85 పాళ్ల వెలుగును తిరిగి పంపగలదు. అంతకుమించి యిచ్చుటకు దానియొద్ద నేమియు లేదు.

ఈ భేద మెంతటిదో లెక్కవేసి చూతము. ఒకచోట పడు వెలుగును లక్సులలో కొలుతురు. తెరగాని, కాగితముగాని కంటివైపు పంపు ప్రకాశమును చదరపు మీటరునకు ఇన్ని కాండెలాలని కొలుతురు. సాయంకాలము మన ముందుగదిలో దీపము క్రింద 200 లక్సుల వెలుగున్నదనుకొనుడు. అందులో 85 పాళ్లు 170. దానిని వృత్తగణితములోని 3.14 చేత భాగించిన 54 వచ్చును. అనగా ఆ గదిలో కాగితపు తెలుపు 54 కాండెలాలు. అదే గదిలోని కంప్యూటరు తెర, పెట్టెలోనుండి తీసినది తీసినట్లే వాడుచున్నచో, 250 మొదలు 350 కాండెలాల వరకు వెలుగుచుండుట సామాన్యము. కాగితముకంటె తెర అయిదారు రెట్లు ప్రకాశించుచున్నదన్నమాట. క్రొత్త ఫోనులు కొన్ని ఎండలో వేయి కాండెలాలనుగూడ దాటును.

మన కన్ను ఈ తేడాను మనకు తెలియనీయదు. అది తన యెదుట నున్నవానిలో మిక్కిలి ప్రకాశవంతమైనదానినే తెలుపుగా గ్రహించి, తక్కినవానిని దానితో పోల్చి చూచుకొనును. తెరను చూచుచుండగా తెరలోని తెలుపే తెలుపు. ఆ చూపుతోనే ప్రక్కనున్న కాగితమును చూచితిమా, కాగితము నల్లగా తోచును. అదియును గాక, తెర మిక్కిలి వెలుగుచున్నప్పుడు ముఖమునందలి చీకటిని గుర్తింపలేక, చిత్రమును సరిదిద్దు వారు దానిని ఇంకను తగ్గించి భద్రపరతురు. అప్పుడు చిత్రము నిజముగనే నల్లబడును.

1996 వ సంవత్సరమున హ్యూలెట్ ప్యాకార్డు, మైక్రోసాఫ్టు సంస్థలు ప్రతిపాదింపగా 1999 లో అంతర్జాతీయ ప్రమాణమైన ఎస్‌ఆర్‌జీబీ అను వర్ణపద్ధతి యొకటి కలదు. నేడు ఫోటోలలో అత్యధికభాగమునకు అదియే ఆధారము. ఆ ప్రమాణములో ఆదర్శమైన తెరకు విధించిన ప్రకాశము 80 కాండెలాలు మాత్రమే. కాగితముతో సరిచూచుకొను పనికి తెరను 80 నుండి 120 కాండెలాల నడుమ నుంచుకొనుమని ఈ వృత్తిలోని అనుభవజ్ఞులు చెప్పుట కారణము లేకుండ కాదు. 500 లక్సుల వెలుగులో కాగితపు తెలుపు లెక్కప్రకారము 135 కాండెలాలు. మంచి వెలుగున్న గదిలోని కాగితమునకు అట్టి తెర ఇంచుమించుగా సరిపోవును.

ఇక నిదానమునకు వత్తము. ఖర్చులేని పరీక్షతో మొదలుపెట్టి ఖర్చుగల పరీక్షవైపు పోవలెను.

మొదటిది స్థలపరీక్ష. నల్లగా నున్నదని తోచిన చిత్రమును చేతబట్టుకొని వీధియరుగుమీదకు రండు. ఎండ నేరుగా తగులని చోట, పగటి వెలుగులో చూడుడు. అక్కడ ముఖము తేటగా కనబడినచో చిత్రము ఆరోగ్యముగానే యున్నది, దోషము గదిది. ముద్రణవృత్తిలో చిత్రములను సరిచూచుటకు ఏర్పడిన ఐ.ఎస్.ఓ. 3664 అను ప్రమాణము సూక్ష్మపరీక్షకు 2000 లక్సులను, సామాన్యపరిశీలనకు 500 లక్సులను విధించినది. మన వంటయింటి దీపము క్రింద నిలువబడి తీర్పు చెప్పుట న్యాయము కాదు. అయితే, ఆ చిత్రము వ్రేలాడవలసినది చీకటి నడవలోనే యైనచో, ఆ గోడకు తగినట్లే కొంచెము తేటగా అచ్చువేయింపవలెను. చట్రమునకు వేయు అద్దము కూడ తనపై పడిన వెలుగులో నూటికి ఎనిమిది పాళ్లను లోనికి పోనీయక వెనుకకు త్రిప్పివేయునని జ్ఞాపక ముంచుకొనుడు.

రెండవది అన్వయవ్యతిరేకపరీక్ష. ముద్రణ పనివారికొరకు ప్రత్యేకముగా తయారుచేసిన పరీక్షాచిత్రములు ఇంటర్నెట్టులో ఉచితముగా దొరకును. వానిలో వివిధవర్ణముల ముఖములు, పండ్లు, తెలుపునుండి నలుపువరకు దిగు బూడిదరంగు మెట్లు ఉండును. అట్టిదానిని ఒక్కటి తెచ్చి, ఏ మార్పును చేయక, మీ ప్రింటరులోనో మీ దుకాణములోనో చిన్నకాగితముమీద అచ్చువేయింపుడు. అది చక్కగా వచ్చినచో ప్రింటరు, సిరా, కాగితము మూడును నిర్దోషులు. దోషము మీ తెరలోనో, మీ చిత్రములోనో యున్నది. అదియు నల్లగా వచ్చినచో దోషము ముద్రణలో నున్నది. ఈ యొక్క కాగితముతో సగము తగవు తీరును.

మూడవది తెర. ఒక తెల్లకాగితమును తెరప్రక్కన నిలువబెట్టి, తెరమీద వట్టి తెల్లని పుటను తెరువుడు. రెండును ఒకే తెలుపుగా కనబడువరకు తెరప్రకాశమును తగ్గింపుడు. మొదట కంటికి మసకగా తోచును; పది నిమిషములలో అలవాటగును. ప్రకాశము తనంతట తాను మారు ఏర్పాటును, రాత్రివేళ తెరను పసుపుపచ్చగా చేయు ఏర్పాటును ఆపివేయుడు. ఫోనులవిషయమున ఇంకొక విశేష మున్నది. ఇప్పటి ఫోనులు కొన్ని, ఎండపడిన భాగములను, మెఱుపులను తెర తన శక్తికొలది అధికముగా వెలిగించునట్లు చిత్రములో ఒక ప్రత్యేక సమాచారమును చేర్చును. 2023 లో వచ్చిన 14వ ఆండ్రాయిడ్‌లో అల్ట్రా హెచ్‌డీఆర్ అను పేర వచ్చినది అట్టిదే. తెరమీద అది ధగధగలాడును. కాగితమునకు ఆ శక్తి లేదు గనుక ఆ ధగధగ అచ్చులోనికి రాదు. ఇది యెవరి తప్పును కాదు.

నాలుగవది చిత్రమే. కెమేరా మన ముఖమును ప్రేమించునది కాదు. పెక్కుమారులు అది లెక్కించునది మొత్తపు వెలుగు. మన దేశమునందలి సామాన్యదృశ్యమును తలచుకొనుడు. తెల్లని పంచె, తెల్లని చొక్కా, సున్నము కొట్టిన గోడ, వెనుక ఎండకాయు వాకిలి. వీని నడుమ చామనచాయ ముఖము. తెలుపు ఎక్కువయినదని కెమేరా మొత్తము చిత్రమును తగ్గించును. పంచె చక్కగా వచ్చును. ముఖము చీకటి పాలగును. దీనిని తెలిసికొనుటకు కన్నును నమ్మనవసరము లేదు. చిత్రమును సరిదిద్దు సాధనములలో హిస్టోగ్రాము అను పటము కనబడును. ఎడమకొన 0, నలుపు. కుడికొన 255, తెలుపు. గుట్ట యంతయు ఎడమవైపు ఒరిగియున్నచో తెర యెంత వెలిగినను చిత్రము నల్లనిదే.

సరిదిద్దునప్పుడు మొత్తము వెలుగును పెంచుట మోటువైద్యము. పంచెలోని మడతలు, ఉత్తరీయపు నేత తెలుపులో కలిసి నశించును. ఒకమారు 255 ను తాకిన తెలుపును మరల మడతలుగా చేయు సాధనము లేదు. నలుపును తెలుపును ఉన్నచోట నుంచి, నడిమిభాగమును మాత్రము పైకెత్తవలెను. లెవెల్సు అను సాధనములో నడుమనున్న గుర్తును 1.0 నుండి 1.1 కో, 1.2 కో జరిపిన ఆ పని యగును.

ఈ సందర్భమున మా యూరి సంగతి యొకటి చెప్పెదను. ఒక వృద్ధురాలు భర్త పోయిన పదునాలుగవ నాడో, పదునైదవ నాడో నాయొద్దకు వచ్చినది. ఆయన యొక్క చిత్ర మొక్కటియే ఉన్నది. ఎవరిదో పెండ్లిలో, చూరు క్రింద నిలుచుండగా మనుమడు ఫోనుతో తీసినది. పట్టణములో ఒక దుకాణమున రెండుమారులు అచ్చువేయించి రెండును నాకు చూపినది. మొదటిదానిలో పంచె తప్ప మనిషి లేడు. రెండవదానిలో దుకాణపు కుఱ్ఱవాడు జాలిపడి ముఖము నొక్కదానిని పట్టుకొని తెల్లగా చేసియుండెను. కన్నులు, ముక్కు కనబడుచున్నవి. కాని చర్మము పిండిపూసినట్లున్నది. "పంతులుగారూ, మొదటిదాంట్లో ఆయన కనపళ్లేదు. రెండోదాంట్లో కనపడ్డాయన ఎవరో నాకు తెలీదు" అని ఆమె యన్నది.

ఆ మాటలో శాస్త్రమంతయు నున్నది. చీకటి పోగొట్టుట వేరు. మేనిచాయ మార్చుట వేరు. నల్లనివాడు నల్లగానే యుండి, ఆ నలుపులోని వెలుగునీడలు, ముడుతలు, గీతలు తెలియవలెను. నుదురునకు, చెంపకు, గడ్డమునకు మధ్యనున్న భేదమే ముఖము. అచ్చు నల్లబడినప్పుడు మొట్టమొదట నశించునది ఆ భేదము. తెల్లపూత వేసినప్పుడును నశించునది అదియే.

నేను మూలచిత్రమును తెచ్చుకొని, పంచెను తాకక నడిమిభాగమును కొంచెము కొంచెముగా ఎత్తి, ముఖము మాత్రము వచ్చునట్లు ఐదు పట్టీలను ఒక్క కాగితముమీద అచ్చువేసితిని. పూర్వము చీకటిగదిలో పనిచేసిన ఛాయాగ్రాహకులు వాడిన యుపాయమే యిది. పట్టీలక్రింద 1.0, 1.1, 1.2, 1.3, 1.4 అని వ్రాసి, ఆరిన తరువాత అరుగుమీద నామె చేతికిచ్చితిని. ఆమెకు అంకెలతో పని లేదు. మూడవ పట్టీని వ్రేలితో తాకి, "ఇదుగో, కనుబొమ్మ మీద గంటు. తాటిచెట్టు మీంచి జారినప్పటిది" అన్నది. తక్కిన నాలుగింటిని తిరిగి చూడలేదు. ఆ మూడవ పట్టీ ప్రకారమే చిత్రము సిద్ధమైనది. ఆ గంటు దుకాణపు మొదటి అచ్చులో చీకటిలోను, రెండవదానిలో తెలుపులోను మునిగిపోయియుండెను.

ఈ అన్యాయము మన యూరిలో పుట్టినది కాదు. ఇరువదవ శతాబ్దిలో రంగుల ఛాయాచిత్రములు ప్రబలినప్పుడు కొడాక్ సంస్థ ముద్రణశాలలకు ఒక యువతి చిత్రముగల కార్డును పంపెడిది. దానికి షర్లీ కార్డని పేరు. ఆ తెల్లనివన్నె యువతి మేనిరంగు సరిగా వచ్చునట్లు యంత్రమును సరిచేసికొనెడివారు. నల్లనిచాయవారి ముఖములకు ఆ కొలత చాలలేదు. 1990 ల దశకమునగాని పలువన్నెల స్త్రీలను చేర్చిన కార్డు ఆ సంస్థనుండి రాలేదు. కావున పరీక్షాచిత్రము నెన్నుకొనునప్పుడు మన చాయలవారి ముఖములున్నదానినే యెన్నుకొనుడు.

ఇక ముద్రణలోనే దోషమున్నదని రెండవ పరీక్షలో తేలినచో చూడవలసినవి నాలుగు.

మొదటిది కాగితపు పేరు. ప్రింటరునకు మనము చెప్పిన కాగితమొకటి, పెట్టిన కాగితమొకటి యైనచో, అది తనకు చెప్పిన కాగితమునకు తగినంత సిరా వదలును. ఈ కాగితము దానిని భరింపలేక నల్లబడును. రెండవది రంగుల పెత్తనము. చిత్రమును తెరచిన ప్రోగ్రాము, ప్రింటరు డ్రైవరు రెండును రంగులను సరిదిద్దబూనినచో, ఇద్దరు వంటవారు ఒకే కూరలో ఉప్పు వేసినట్లగును. ఆ యధికారమును ఒక్కదానికే అప్పగింపవలెను. ప్రోగ్రామునకు అప్పగించినచో ఆ కాగితమునకు, ఆ ప్రింటరునకు తగిన ప్రొఫైలును ఎన్నుకొనవలెను. మూడవది సిరా రంధ్రములు. నాజిల్ చెక్ అను పరీక్షను అచ్చువేసి, గీతలలో తెగినవి యున్నచో శుభ్రపరచు పనిని ప్రింటరుచేత చేయింపవలెను. నాలుగవది ఓపిక. సిరా తడిగా నున్నప్పుడు రంగు నిలుకడగా నుండదు. ఒక రాత్రి ఆరనిచ్చి మరునాడు తీర్పు చెప్పుడు.

కాగితములలోను జాతిభేదమున్నది. గ్లాసీ కాగితమున నలుపు గాఢముగా నుండి, తెలుపునకు నలుపునకు నడుమ ఎడము ఎక్కువగా నుండును. మాట్ కాగితమున ఆ యెడము తక్కువ. నలుపుమీద నలుపుగా నున్న భాగములు, అనగా నల్లకోటు మడతలు, జుట్టు, మాట్ కాగితముమీద ఒకే ముద్దయగుటకు అవకాశము హెచ్చు. చీకటి చిత్రములకు గ్లాసీ కాగితము కొంత మేలు చేయును. కాని దీపము తళుక్కుమని కంట్లో పడు చోట దానిని వ్రేలాడదీయరాదు.

దుకాణములో అచ్చువేయించువారు రెండు ప్రశ్న లడుగవలెను. చిత్రమును ఎస్‌ఆర్‌జీబీ పద్ధతిలో నీయవలెనా? మీ యంత్రము తనంతట తాను వెలుగును సరిదిద్దునా? ప్రోఫోటో అను విశాలమైన వర్ణపద్ధతిలోనున్న చిత్రమును, ఎస్‌ఆర్‌జీబీ అనుకొని అచ్చువేసినచో రంగులు వెలవెలబోయి చిత్రము నల్లబడును. ఇంటిలో మీరు శ్రద్ధగా సరిదిద్దిన చిత్రమును అక్కడ యంత్రము మరల దిద్దినచో ఫలితము ఇరువురిది కాక పోవును. ఇచ్చునప్పుడే "దిద్దకుండ వేయుడు" అని చెప్పుట మేలు. పెద్ద చిత్రమునకు ముందు చిన్నది యొకటి వేయించి చూచుకొనుట ఇంకను మేలు.

సోదరీసోదరులారా! చిత్రము నల్లబడినప్పుడు మొదట అరుగుమీదకు పొండు; పిమ్మట పరీక్షాచిత్రము; పిమ్మట తెర; పిమ్మట హిస్టోగ్రాము; కడపట సిరా, కాగితము. ఈ వరుస తప్పక పోయినచో పెక్కుమారులు మూడవ మెట్టునకే జవాబు దొరకును, సిరాపెట్టె కొననవసరముండదు. దొరికిన జవాబును ఒక నోటుపుస్తకములో వ్రాసి యుంచుకొనుడు: ఏ కాగితము, తెరప్రకాశ మెంత, నడిమిగుర్తు ఎంత జరిపితిరి అని. మరుసటి చిత్రమునకు శ్రమ సగమగును.

మీ ఫోనులలో వేలకొలది చిత్రములున్నవి. వానిలో మీ యింటి పెద్దలవి పదియైనను ఈ సంవత్సరములో తీసి, వారు బ్రతికియుండగనే వారిచేతనే పట్టీలు ఎన్నిక చేయించి, కాగితముమీద నెక్కింపుడు. తమ ముఖము తమకు తెలిసినంతగా మఱియే యంత్రమునకును తెలియదు.